బోటులో ఏసీ: టన్నులు తర్వాత, ముందు రాత్రికి ఎంత కరెంటు తాగుతుందో చూడాలి

ఇంట్లో ఏసీ కొనేటప్పుడు లెక్క తప్పితే నెలాఖరుకి బిల్లు కాస్త ఎక్కువొస్తుంది, అంతకుమించి ఏం కాదు. బోటులో అదే లెక్క తప్పితే అర్ధరాత్రి రెండింటికి బ్యాటరీ చచ్చిపోతుంది, లేదంటే తెల్లవార్లూ జనరేటర్ మోగుతూనే ఉంటుంది, పక్కన లంగరేసుకున్నవాళ్ళు మనసులో తిట్టుకుంటూ ఉంటారు. ప్లగ్గు పెడితే కరెంటు వస్తూనే ఉంటుందన్న ధీమా నీళ్ళ మీద ఉండదు. జెట్టీకి కట్టేసి షోర్ పవర్, అంటే ఒడ్డునుంచి తీగతో తెచ్చుకునే కరెంటు, పెట్టుకున్నా వచ్చేది 16 ఆంపులో 30 ఆంపులో, దాంట్లోనే గీజరు, బ్యాటరీ చార్జరు, ఫ్రిజ్, పొయ్యి అన్నీ సర్దుకోవాలి. అందుకే బోటు ఏసీ గురించి మొదట అడగాల్సింది "ఎన్ని టన్నులు?" అని కాదు, "ఒక రాత్రికి ఎన్ని వాట్ అవర్లు?" అని, వెయ్యి వాట్ అవర్లు అంటే కరెంటు బిల్లులో ఒక యూనిట్. షాపుల్లో మాత్రం మొదటి ప్రశ్నకే జవాబు రెడీగా ఉంటుంది, రెండోది అడిగితే అవతలివాళ్ళు బిక్కమొహం వేస్తారు.

అలాగని టన్నుల సంగతి వదిలేయడానికీ లేదు. 1 టన్ను అంటే గంటకి 12,000 బీటీయూ (వేడిని కొలిచే యూనిట్), అంటే సుమారు 3.5 కిలోవాట్ల వేడిని లోపల్నుంచి బయటికి తోసేయడం. ఒకప్పుడు ఐస్ దిమ్మలతో చల్లబరిచే రోజుల్లో, ఒక టన్ను ఐసు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి పీల్చుకుంటుందో ఆ లెక్క నుంచి వచ్చిన కొలత ఇది. గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే ఈ 3.5 కిలోవాట్లు తోసే వేడి, తాగే కరెంటు కాదు, తాగేది దాంట్లో మూడో వంతో ఇంకా తక్కువో ఉంటుంది. ఎంత వేడి తోస్తుందో ఆ బీటీయూని తాగే వాట్లతో భాగిస్తే వచ్చేదే ఈఈఆర్, అది ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

బోట్లకి ఏసీ బిగించేవాళ్ళ దగ్గర ఒక మోటు లెక్క ఉంటుంది, డెక్ కింద ఉన్న కేబిన్ అయితే చదరపు అడుగుకి 60 బీటీయూ, సగం పైకి తేలినట్టు ఉండే సెలూన్, అంటే కూర్చునే హాలు, అయితే 90, చుట్టూ అద్దాలున్న పై గది అయితే 120. అంటే 100 చదరపు అడుగుల పడక గదికి 6,000 సరిపోతే అంతే వైశాల్యం ఉన్న అద్దాల గదికి 12,000 కావాలి. గది సైజు ఒకటే, కొనాల్సిన ఏసీ మాత్రం రెట్టింపు. ఇంటి ఏసీ లెక్కలు తెచ్చి బోటులో పెడితే ఎందుకు కుదరవో ఇక్కడే తెలిసిపోతుంది.

కానీ ఈ 60, 90, 120 అనేవి మండే ఎండలో మధ్యాహ్నం మూడింటికి పనికొచ్చే లెక్కలు. రాత్రి పదకొండింటికి ఎండ లేదు, డెక్ చల్లారిపోయింది, లోపల ఇద్దరు మనుషులు పడుకుని ఉన్నారు, అప్పుడు కావాల్సింది ఆ లెక్కలో సగమో ఇంకా తక్కువో. "ఎందుకైనా మంచిది, ఒక సైజు పెద్దది తీసుకుందాం" అనుకునేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. పెద్ద ఏసీ ఆన్ అవ్వగానే నాలుగు నిమిషాల్లో గదిని 24 డిగ్రీలకి తెచ్చేసి కంప్రెసర్ ఆగిపోతుంది. లోపలి కాయిల్ చల్లబడి, దాని మీద తేమ పట్టి, చుక్కలుగా మారి ట్రేలోకి జారడానికి కొంచెం టైం కావాలి, ఆ టైం రాకముందే కంప్రెసర్ ఆగిపోతుంది, ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది కాబట్టి కాయిల్ మీద పట్టిన ఆ తేమనంతా మళ్ళీ గదిలోకే ఊదేస్తుంది. థర్మామీటర్ చూస్తే 24, దుప్పటి ముట్టుకుంటే చెమ్మ, అద్దాల మీద ఆవిరి. చెమ్మగా ఉందని ఇంకో రెండు డిగ్రీలు తగ్గిస్తారు, దాంతో కరెంటు ఇంకా లాగుతుంది. చుట్టూ నీళ్ళే ఉన్న చోట సగం పని తేమని తీసేయడమే, ఆ పని జరగాలంటే ఏసీ ఆగకుండా చాలాసేపు నెమ్మదిగా నడవాలి. కాబట్టి రాత్రి పడకకి మాత్రమే అయితే లెక్కకి కొంచెం తక్కువగా ఉన్నదే మేలు, మధ్యాహ్నం ఎండకి అది కాస్త వెనకబడినా పర్లేదు. ఇన్వర్టర్ కంప్రెసర్, అంటే స్పీడు మార్చుకునే రకం, అయితే ఈ తలనొప్పి చాలావరకు ఉండదు, ఎందుకంటే అవసరం తగ్గిన కొద్దీ అది స్పీడు తగ్గించుకుని అలా నడుస్తూనే ఉంటుంది. పైగా తక్కువ స్పీడులో నడిచేటప్పుడు కాయిళ్ళు దాని పనికి పెద్దవిగా పడతాయి కాబట్టి వాటుకి వచ్చే చల్లదనం కూడా పెరుగుతుంది. బోటులో డబ్బులు ఎక్కువ పెట్టాల్సిన ఒకే ఒక్క ఫీచర్ ఏదంటే ఇదే, మిగతా వైఫై, యాప్, రంగురంగుల డిస్‌ప్లే అంతా అలంకారం.

ఇక పెద్ద చర్చ, వేడిని నీళ్ళలోకి వదలాలా గాలిలోకి వదలాలా అన్నది. బోట్లలో ఎక్కువగా కనిపించేది నీళ్ళతో చల్లబడే రకం, హల్‌కి (బోటు అడుగు భాగానికి) ఉన్న రంధ్రంలోంచి పంపు నీళ్ళు లాగి కండెన్సర్, అంటే ఏసీ వేడిని బయటికి వదిలే భాగం, గుండా పంపించి పక్కనుంచి బయటికి పోసేస్తుంది. ఇందులో లాభం ఎక్కడుందంటే, ఒకే పరిమాణంలో తీసుకుంటే నీళ్ళు గాలికంటే దాదాపు మూడున్నర వేల రెట్లు వేడిని మోయగలవు, అందుకే చిన్న కండెన్సర్‌తోనే పనైపోతుంది, బెంచీ కింద పట్టేస్తుంది. పైగా బయట గాలి 38 డిగ్రీలున్న రోజున కూడా కింద నీళ్ళు 30 దగ్గరే ఉండొచ్చు, కండెన్సర్ ఎంత చల్లగా ఉంటే కంప్రెసర్‌కి అంత తేలిక, ఒక్కో డిగ్రీ తేడాకి సుమారు 2 నుంచి 3 శాతం కరెంటు కలిసొస్తుంది.

ఇంతవరకు బాగానే ఉంది, మరి ఆ పంపు ఎవరి లెక్కలోకి వస్తుంది? బ్రోచర్లో వేసే వాట్లు చాలాసార్లు కంప్రెసర్‌కి, బ్లోయర్‌కి మాత్రమే, పంపు విడిగా కొనేది కాబట్టి దాన్ని కలపరు. ఉదాహరణకి 12,000 బీటీయూ మిషను 1,050 వాట్లు తాగుతుందనుకుందాం, ఈఈఆర్ 11.4. దానికి 90 వాట్ల పంపు కలిపితే 1,140, ఈఈఆర్ 10.5కి దిగింది, పెద్దగా బాధ లేదు. ఇప్పుడు అదే పంపుని 5,000 బీటీయూ చిన్న మిషనుకి పెడదాం, మిషను 450 వాట్లు, ఈఈఆర్ 11.1 అని గొప్పగా రాసుంటుంది, పంపు కలిపితే 540 వాట్లు, ఈఈఆర్ 9.3. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అన్నట్టుంటుంది. కాబట్టి చిన్న ఏసీకి చిన్న పంపే ఉండాలి, రెండు ఏసీలకి కలిపి ఒకే పెద్ద పంపు పెట్టి రాత్రి ఒక్క ఏసీయే నడుపుకునే ఏర్పాటు అన్నిటికంటే దండగ. స్పీడు మార్చుకునే పంపు దొరికితే ఇంకా మంచిది, పంపు స్పీడు సగానికి తగ్గితే అది తాగే పవర్ దాదాపు ఎనిమిదో వంతుకి పడిపోతుంది.

పంపు ఎక్కడ పెట్టారన్నది కూడా చూసుకోవాలి. ఇవి సాధారణంగా సెంట్రిఫ్యూగల్ పంపులు, తమంతట తాము నీళ్ళు పైకి పీల్చుకోలేవు, నీటి మట్టానికి కిందే ఉండాలి, అక్కడ్నుంచి పైపు ఎక్కడా మధ్యలో గూని తిరగకుండా ఒకే వాలులో పైకి వెళ్ళాలి. మధ్యలో ఒక గూని ఉంటే అక్కడ గాలి ఇరుక్కుని నీళ్ళు సన్నబడతాయి, ఏసీ ఆగదు గానీ కరెంటు ఎక్కువ తాగుతూ నడుస్తుంది, చివరికి హై ప్రెషర్ అని చూపించి ఆగిపోతుంది. స్ట్రెయినర్‌లో (నీళ్ళని వడకట్టే జల్లెడలో) నాచు, ప్లాస్టిక్ కవరు ముక్క, జెల్లీఫిష్ ఏది ఇరుక్కున్నా ఇదే కథ. ఇక పైపు లోపల చీకటి, పారే నీళ్ళు, అంటే హల్‌కి అంటుకునే బార్నకిల్స్‌కి (గుల్లల్లాంటి చిన్న సముద్రజీవులకి) అంతకంటే మంచి ఇల్లు దొరకదు.

దీన్ని పట్టుకోవడానికి మెకానిక్ అక్కర్లేదు, ఒక థర్మామీటరు చాలు. టన్నుకి నిమిషానికి సుమారు 11 లీటర్లు పారాలి. 1 టన్ను ఏసీ నీళ్ళలోకి వదిలేది గదిలోంచి తీసిన 3.5 కిలోవాట్లు, దానికి తోడు కంప్రెసర్ తాగిన 1 కిలోవాటు, మొత్తం 4.5 కిలోవాట్లు, 11 లీటర్లకి ఆ వేడిని పంచితే బయటికి వచ్చే నీళ్ళు లోపలికి వెళ్ళే నీళ్ళకంటే 6 డిగ్రీలు వేడిగా ఉండాలి. పక్కనుంచి పడే ధార కింద చిన్న బకెట్ పట్టి వేడి చూడాలి, తర్వాత బోటు పక్కన నీళ్ళలో చూడాలి. తేడా ఆరేడు డిగ్రీలుంటే అంతా బాగున్నట్టే, పది దాటిందంటే ఎక్కడో అడ్డుపడింది, ధార చూడ్డానికి బాగానే ఉన్నట్టు కనిపించినా సరే. తేడా రెండు మూడు డిగ్రీలే ఉంటే నీళ్ళు బాగానే వెళ్తున్నాయి గానీ వేడి అందులోకి దిగట్లేదు, కండెన్సర్ లోపల సున్నం పొర కట్టి ఉండొచ్చు లేదా గ్యాస్ తగ్గి ఉండొచ్చు, లేకపోతే పంపే అవసరానికి మించి పెద్దది. కొత్తగా బిగించిన రోజునే ఈ తేడా ఎంతుందో రాసిపెట్టుకుంటే తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది, అయిదు స్టార్ల లేబుల్ కంటే ఈ ఒక్క అంకె ఎక్కువ చెబుతుంది.

గాలితో చల్లబడేవి, అంటే పైకప్పు మీద పెట్టేవి, హ్యాచ్ (డెక్ మీది మూత తలుపు) మీద బోర్లించేవి, వీటిని పూర్తిగా తీసిపారేయక్కర్లేదు. హల్‌కి ఇంకో రంధ్రం పడదు, పంపు లేదు, బోటుని ట్రైలర్ మీదకి లాగినా ఒడ్డున రిపేర్లో పెట్టినా నడుస్తుంది, నీళ్ళ రకం ఆ పని చెయ్యలేదు. వారానికో రోజు జెట్టీలో పడుకునేవాళ్ళకి అది చాలు. ఉప్పుగాలికి దాని అల్యూమినియం రెక్కలు ఒకట్రెండు సీజన్లలో పొడిపొడిగా రాలడం మొదలవుతుందన్నది మాత్రం ముందే తెలుసుకుని కొనాలి. అసలు కొనకూడనిది ఒకటుంది, ఒకే గొట్టం ఉండే చక్రాల పోర్టబుల్ ఏసీ. అది గదిలోని చల్లగాలినే తీసుకుని కండెన్సర్ మీద ఊది గొట్టంలోంచి బయటికి పంపిస్తుంది, అలా బయటికి పోయిన గాలి స్థానంలోకి ప్రతి సందులోంచి వేడి చెమ్మగాలి లోపలికి వస్తుంది, చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే.

ఇప్పుడు అసలు లెక్క, రాత్రిది. చిన్న పడక కేబిన్, ఇన్వర్టర్ ఏసీ, పంపుతో కలిపి సగటున 300 వాట్లు తాగుతుందనుకుంటే 8 గంటలకి 2,400 వాట్ అవర్లు. లిథియం బ్యాటరీ 12.8 వోల్టుల్లో 200 ఆంప్ అవర్లది 2,560 వాట్ అవర్లు, అంటే దాదాపు మొత్తం ఒక్క ఏసీకే అయిపోతుంది, ఫ్రిజ్, లైట్లు, నావిగేషన్ ఇంకా మిగిలే ఉన్నాయి. పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే సగం కంటే కిందకి దించకూడదు కాబట్టి దానికి 400 ఆంప్ అవర్లు కావాలి, ఆ బరువు మోయడానికి బోటు ఒప్పుకోవాలి. మధ్యలో 230 వోల్టులకి మార్చే ఇన్వర్టర్ బాక్సు ఉంటే అది 10 నుంచి 15 శాతం మింగుతుంది, ఇంకా ఏమీ నడవకపోయినా ఊరికే ఆన్‌లో ఉన్నందుకు కొంత తింటూనే ఉంటుంది. దాంతో 2,400 కాస్తా 2,700 దాటుతుంది. దీన్ని సోలార్‌తో తిరిగి నింపాలంటే, రోజుకి నాలుగైదు గంటల పూర్తి ఎండ అనుకుంటే, నష్టాలతో కలిపి 700 వాట్ల దాకా ప్యానెళ్ళు కావాలి, మూడున్నర చదరపు మీటర్ల చోటు. పైన తెరచాప కొయ్య నీడ ఒక మూల పడితే ఆ లెక్క కూడా తలకిందులే.

ఈ మధ్య 12 వోల్ట్ డీసీ ఏసీ అని బాగా ప్రచారం జరుగుతోంది, డీసీ కాబట్టి కరెంటు తక్కువ అన్నట్టు చెప్తారు. డీసీ అవ్వడం వల్ల మిగిలేది ఇన్వర్టర్ బాక్సు నష్టం మాత్రమే, అసలు పొదుపు దాంట్లో ఉండే స్పీడు మారే కంప్రెసర్ వల్ల వస్తుంది, అదే కంప్రెసర్ 230 వోల్టుల ఏసీలో ఉన్నా వస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది, 600 వాట్లు 12 వోల్టుల్లో లాగాలంటే 50 ఆంపులు, అదే 48 వోల్టుల్లో 12.5 ఆంపులు. ఒకే తీగలో ఆంపులు నాలుగో వంతుకి తగ్గితే తీగలో వేడెక్కి పోయే నష్టం పదహారో వంతుకి తగ్గుతుంది. కాబట్టి బోటులో ఎలాగూ బ్యాటరీ బ్యాంకు కొత్తగా కడుతుంటే 24 గానీ 48 గానీ వైపు వెళ్ళడం తెలివైన పని, ఉన్న 12 వోల్టులతోనే సరిపెట్టుకోవాలంటే ఏసీని బ్యాటరీకి దగ్గర్లో పెట్టి లావు తీగ వేయాలి.

జనరేటర్ ఉంది కదా అనుకునేవాళ్ళకి రెండు మాటలు. ఒక లీటరు డీజిల్లో సుమారు 10 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది, చిన్న జనరేటర్ మంచి లోడు మీద నడిస్తే దాంట్లోంచి రెండున్నర మూడు యూనిట్ల కరెంటు తీస్తుంది. 5 కిలోవాట్ల జనరేటర్‌ని రాత్రంతా 700 వాట్ల ఏసీ కోసం నడిపితే అంత కూడా రాదు, పైగా తక్కువ లోడు మీద గంటలు గంటలు నడిచే డీజిల్ ఇంజను లోపల మసి పట్టి పాడవుతుంది. సాయంత్రం రెండు గంటలు బాగా లోడు పెట్టి నడిపి బ్యాటరీలు నింపేసి, రాత్రి చప్పుడు లేకుండా బ్యాటరీ మీద ఏసీ నడుపుకోవడం అన్ని విధాలా లాభం. ప్రాణం సంగతి కూడా ఉంది, జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, అందరూ నిద్రపోతుండగా అది నడవడమంటేనే ప్రమాదం, కేబిన్లో అలారం లేకుండా అసలు ఆ పని చెయ్యకూడదు, ఏసీకి వెనక్కి వెళ్ళే గాలి ఇంజన్ రూములోంచి లాగేలా ఎప్పుడూ పెట్టకూడదు. ఇక మామూలు కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కంటే మూడు నుంచి ఆరు రెట్లు కరెంటు లాగుతుంది, అయిదు ఆంపుల మిషను ఒక్క క్షణం పాతిక ఆంపులు అడుగుతుంది, ఆ ఒక్క క్షణం కోసం పెద్ద జనరేటర్ కొంటుంటారు. సాఫ్ట్ స్టార్టర్ అనే చిన్న డబ్బా పెడితే ఆ కుదుపు సగానికి పైగా తగ్గుతుంది. రోజంతా తాగేది దాంతో పెద్దగా తగ్గదు గానీ చిన్న జనరేటర్‌తో సరిపెట్టుకోవచ్చు, చిన్నది మంచి లోడు మీద నడుస్తుంది కాబట్టి డీజిల్ కూడా మిగులుతుంది.

అన్నిటికంటే చవకైన వాట్లు ఎండని ఆపితే వచ్చేవి. నడినెత్తి ఎండ చదరపు మీటరుకి దగ్గర దగ్గర 1,000 వాట్లు. అర మీటరు బై అర మీటరు హ్యాచ్ అద్దం అంటే పావు చదరపు మీటరు, అందులోంచి 250 వాట్ల దాకా వేడి దిగుతుంది, అలాంటివి నాలుగుంటే 1 కిలోవాటు, అంటే 3,400 బీటీయూ. ఇందాక మన పడక గదికి లెక్కేసింది మొత్తం 6,000, అందులో సగానికి పైగా నాలుగు అద్దాలకే పోయింది. ఆ అద్దాల మీద బయటినుంచి ఒక గుడ్డ కవరు వేస్తే ఏసీ ఒక సైజు తగ్గుతుంది. బయటినుంచే వెయ్యాలి, లోపల కర్టెన్ వేస్తే ఎండ అప్పటికే అద్దం దాటి లోపలికి వచ్చేసింది, కర్టెన్ వేడెక్కి ఆ వేడి గదిలోనే ఉంటుంది. డెక్ మీద పందిరిలా ఒక గుడ్డ కట్టడం, ఇంజన్ రూముకీ పడక గదికీ మధ్య గోడకి ఫోమ్ వెయ్యడం, ఇవన్నీ ఆ కోవకే వస్తాయి, ఎందుకంటే లంగరేసి ఇంజన్ ఆపేశాక కూడా ఆ ఇనప దిమ్మ కొన్ని గంటలు వేడి వదుల్తూనే ఉంటుంది. పడుకునే గది తలుపేసి అదొక్కటే చల్లబరుచుకోవడం ఇంకా సులువు. గదులు చాలా ఉన్న పెద్ద బోట్లలో అయితే ఒకే చిల్లర్ చల్లటి నీళ్ళని అన్ని గదులకీ తిప్పే పద్ధతి ఉంటుంది, ఏ గదికి కావాలంటే ఆ గదిలో ఫ్యాన్ వేసుకోవచ్చు, కానీ చిన్న బోటుకి అంత పటాటోపం అక్కర్లేదు.

డక్టుల గురించి, అంటే చల్లగాలి మోసే గొట్టాల గురించి, ఒక్క మాటలో, చల్లగాలి పైనుంచి రావాలి, వెనక్కి వెళ్ళే గాలి కింద నుంచి పోవాలి, గొట్టం ముడతలు లేకుండా బిగుతుగా లాగాలి, వంపులు తక్కువుండాలి, వెనక్కి గాలి పీల్చే జాలీ ముందు ఎవరూ బ్యాగులు పెట్టకూడదు. చాలా బోట్లలో ఏసీ సరిగ్గా చల్లబరచకపోవడానికి కారణం ఆ బ్యాగులే.

గ్యాస్ విషయం కూడా అడిగి తెలుసుకోవాలి. పాత మిషన్లలో ఆర్-22 ఉంటుంది, ఓజోన్ పొరకి హాని అని 1987 మాంట్రియల్ ఒప్పందం కింద దాన్ని తీసేస్తూ వచ్చారు, సెకండ్ హ్యాండ్‌లో చవకగా వస్తోందని అలాంటిది తీసుకుంటే గ్యాస్ నింపించడానికే తిప్పలు. ఆర్-410ఏ భూమిని వేడెక్కించే గుణం కార్బన్ డయాక్సైడ్‌కి 2,088 రెట్లు, ఆర్-32ది 675. ఇంకా తక్కువ కావాలంటే ప్రొపేన్ అయిన ఆర్-290 ఉంది, కానీ అది బాగా మండేది, గాలికంటే బరువు, లీకైతే పైకి పోకుండా బోటు అడుగున బిల్జ్‌లో పేరుకుంటుంది, అక్కడే పంపులూ స్విచ్చులూ ఉంటాయి. ఇంట్లో పర్లేదు గానీ బోటు కోసమని ప్రత్యేకంగా తయారు చేసింది కాకపోతే దాని జోలికి పోకపోవడమే మంచిది. బయటి దేశం నుంచి వచ్చిన మిషనైతే కరెంటు ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్‌దా 50దా చూడాలి, స్పీడు మారని 60 హెర్ట్జ్ కంప్రెసర్‌ని, అది 50 మీద నడవడానికి ఒప్పుకునే రకమైనా సరే, 50 మీద నడిపితే ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, చల్లదనం కూడా అదే లెక్కన తగ్గుతుంది.

అన్నీ బిగించేశాక దూరం వెళ్ళేముందు జెట్టీ దగ్గరే ఒక రాత్రి షోర్ కేబుల్ పీకేసి పడుకోవాలి. బ్యాటరీ మానిటర్లో రాత్రి పదింటికి ఎంత శాతం ఉంది, రెండింటికి ఎంత, ఆరింటికి ఎంత, ఈ మూడూ రాసుకుంటే చాలు. పది నుంచి రెండు దాకా తగ్గినదానికంటే రెండు నుంచి ఆరు దాకా తక్కువ తగ్గాలి, ఎందుకంటే రాత్రి గడిచేకొద్దీ బోటు చల్లబడుతుంది. రెండూ ఒకేలా తగ్గాయంటే ఏసీ స్పీడు తగ్గించుకోవట్లేదు, అప్పుడు చూడాల్సింది సందులు, హ్యాచ్ రబ్బర్లు, ఆ తర్వాత పక్కనుంచి పడే నీళ్ళ ధార.